ఒక్క దీపాన్నే రెండు చేయాలి

ప్రాక్టికల్స్ దగ్గరపడుతున్న రోజులు కాబోలు, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఆప్టిక్స్ ల్యాబ్ చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు ఉంచి, వ్యతికరణం (రెండు వెలుగు అలలు కలిసి వెలుగు, చీకటి పట్టీలు కట్టడం) గురించి అడిగినవాటికే ఈ పేజీలు ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: 'రెండు వేర్వేరు జనకాలు (వెలుగు మూలాలు) సంబద్ధ జనకాలు, అంటే ఒకదానితో ఒకటి పొత్తు కలిగినవి, కాలేవు' అని పరీక్షలో రాస్తాం, మార్కులు పడతాయి. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు 'రెండూ ఒకే రకం సోడియం ల్యాంపులు, ఒకే స్విచ్ మీద వెలిగించాను, అప్పుడైనా ఎందుకు కాలేవు?' అని అడిగేసరికి నోట మాట రాలేదు మేడమ్. చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు కలిసి చక్కగా చారలు కడతాయి కదా, ల్యాంపులకేం వచ్చింది?
– ఒక బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: చెరువు దగ్గరే మొదలుపెడదాం. రాయి వేస్తే పుట్టే అల సెకనుకు కొన్నిసార్లు మాత్రమే పైకీ కిందకీ ఊగుతుంది, కాబట్టి రెండు అలలు ఎక్కడ కలిసి పెద్దవవుతున్నాయో, ఎక్కడ ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయో కంటితో వెంబడించి చూడొచ్చు. సోడియం పసుపు వెలుగు సెకనుకు దాదాపు 5 పక్కన 14 సున్నాలు పెట్టినన్నిసార్లు ఊగుతుంది. అయినా అసలు చిక్కు ఆ వేగం కాదు. ఆ ఊగడం తెగకుండా సాగదు. ల్యాంపులో ఒక సోడియం పరమాణువు ఉత్తేజం పొంది సుమారు 16 నానోసెకన్లలో తన వెలుగు వదిలేస్తుంది, మళ్లీ ఉత్తేజం పొందినప్పుడు కొత్త అల మొదలుపెడుతుంది, దాని దశకీ (ఊగడంలో అల ఏ క్షణానికి ఎక్కడుందో ఆ స్థితికీ) పాత అల దశకీ ఏ సంబంధమూ ఉండదు. అలాంటి పరమాణువులు ల్యాంపులో కోట్లానుకోట్లు, ఎవరి లెక్క వాళ్లదే, పైగా అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, అటూ ఇటూ పరుగులు పెడుతూ ఉంటాయి. స్విచ్ ఒకటే అయితే కరెంటు ఒకేసారి వెళ్తుంది, అంతే. పరమాణువులు ఎప్పుడు వెలగాలో స్విచ్ చెప్పలేదు.

కాబట్టి రెండు ల్యాంపుల వెలుగు తెర మీద కలిసినప్పుడు పట్టీలు అసలు ఏర్పడవు అనడం పూర్తిగా సరికాదు. ఏ క్షణానికి ఆ క్షణం ఏర్పడతాయి, కానీ సెకనుకు కోట్లసార్లు తమ చోటు మార్చుకుంటాయి. మన కన్ను సెకనులో ఇరవయ్యో వంతు సేపు వచ్చిన వెలుగునంతా కలిపేసి ఒకటిగా చూస్తుంది, ఆ కాస్త వ్యవధిలోనే వెలుగు చోటూ చీకటి చోటూ లెక్కలేనన్నిసార్లు తారుమారైపోతాయి, చివరికి మిగిలేది ఒకేలా పరుచుకున్న పసుపు. ఎక్స్‌టర్నల్ గారు మళ్లీ అడిగితే ఈ మాట చెప్పండి, ఇంతకంటే ఎక్కువ అడగరు.

ఇంకొక్క సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు, నాకేమో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఒకే ల్యాంపులో పక్కపక్కన ఉన్న రెండు బిందువులు కూడా ఒకదానికొకటి పరాయివే. అందుకే ల్యాంపు ముందు నేరుగా రెండు చీలికలు పెడితే పనవదు. ముందు ఒక్క సన్నని చీలిక, దాని వెనక జంట చీలికలు, ఇదీ వెలుగు అల అని చూపిన శాస్త్రవేత్త థామస్ యంగ్ గారి ఏర్పాటు. ఆ మొదటి చీలిక దగ్గర వెలుగు దశ ఎలా గెంతినా ఆ గెంతు రెండు చీలికలకూ ఒకేసారి చేరుతుంది. ఇద్దరి దశలూ మారుతూనే ఉంటాయి, మధ్య తేడా మాత్రం మారదు. సంబద్ధత అంటే ఆ తేడా నిలకడగా ఉండటమే. సూర్యుడి సంగతే చూడండి, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు కాబట్టి నేరుగా వచ్చే ఎండలో సుమారు 0.06 మిల్లీమీటర్ల దూరంలోపు ఉన్న బిందువులే ఒకదానితో ఒకటి పొత్తు కలిగి ఉంటాయి. మిల్లీమీటరు దూరంలో రెండు చీలికలు చేసి ఎండలో పట్టుకుంటే ఏమీ కనిపించదు. యంగ్ 1803లో లండన్ రాయల్ సొసైటీకి వివరించిన ప్రయోగంలో ఏం చేశాడంటే, కిటికీ తలుపు రంధ్రానికి కప్పిన మందపాటి కాగితంలో సూదితో పొడిచిన చిన్న చిల్లు గుండా ఎండను లోపలికి రానిచ్చి, ఆ సన్నని కిరణానికి అడ్డంగా అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న కార్డు ముక్కను నిలబెట్టాడు. వెలుగు కార్డుకు రెండు పక్కల నుంచీ వంగి వచ్చి దాని నీడలో కలిసి పట్టీలు కట్టింది. ఒక పక్క వెలుగును ఆపేస్తే నీడలోని ఆ పట్టీలు మాయమయ్యాయి.

ప్రశ్న: మా కాలేజీలో బైప్రిజమ్ (ఒకే చీలికను రెండుగా చూపే, నడుమ అంచున్న గాజు పట్టకం) ప్రయోగం ఉంది. గంటలకొద్దీ కూర్చున్నా ఫ్రింజెస్ (వ్యతికరణ పట్టీలు) కనిపించడం లేదు, పసుపు వెలుగు మాత్రం బాగా వస్తోంది. సీనియర్లు పాత రికార్డు రీడింగులు వేసేయమంటున్నారు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: 'పసుపు వెలుగు బాగా వస్తోంది' అన్నారు చూడండి, తప్పు అక్కడే ఉంది. ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) వెలుగు బాగా వస్తోందంటే స్లిట్, అంటే ల్యాంపు ముందున్న చీలిక, ఎక్కువ తెరిచి ఉందని అర్థం. మసకగా ఉంది, ఏమీ కనబడటం లేదని ప్రతి బ్యాచూ స్లిట్ కాస్త తెరుస్తుంది, తెరిచిన కొద్దీ ఫ్రింజెస్ చెదిరిపోతాయి, అవి లేవని ఇంకాస్త తెరుస్తారు.

ఎంత సన్నగా ఉండాలో లెక్క వేసి చూద్దాం, అప్పుడు నమ్మకం కుదురుతుంది. మామూలుగా స్లిట్ నుంచి బైప్రిజమ్ 10 సెంటీమీటర్లు, ఐపీస్ 100 సెంటీమీటర్ల దూరంలో పెడతాం. ప్రిజమ్ కోణం ఒక డిగ్రీ అనుకుంటే రెండు మిథ్యా జనకాల (ప్రిజమ్ గుండా రెండుగా కనిపించే స్లిట్ల) మధ్య దూరం సుమారు 1.8 మిల్లీమీటర్లు వస్తుంది, పట్టీ వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. ఇప్పుడు స్లిట్‌లో ఒక అంచు నుంచి వచ్చే వెలుగు కట్టే పట్టీలు ఒక చోట పడితే, రెండో అంచు నుంచి వచ్చే వెలుగు కట్టే పట్టీలు పక్కకు జరిగి పడతాయి. ఎంత జరుగుతాయి? ప్రిజమ్ నుంచి ఐపీస్ దూరాన్ని స్లిట్ నుంచి ప్రిజమ్ దూరంతో భాగించండి, 90 బై 10, తొమ్మిది రెట్లు. అంటే స్లిట్ వెడల్పు 0.037 మిల్లీమీటర్లు అయ్యేసరికి జరుగుడు సరిగ్గా ఒక పట్టీ అంత అవుతుంది, నల్ల పట్టీల మీద పసుపు పట్టీలు పడిపోయి అంతా ఒకటే పసుపు. పట్టీలు స్ఫుటంగా కావాలంటే అందులో మూడో వంతో నాలుగో వంతో ఉండాలి, అంటే 0.01 మిల్లీమీటరు దగ్గర. స్లిట్ దవడలు దాదాపు ముట్టుకునేదాకా మూసి, వెలుగు పూర్తిగా పోయాక వెంట్రుకవాసి తెరవడమే పద్ధతి.

రెండోది, స్లిట్ నిలువూ ప్రిజమ్ మధ్య అంచు నిలువూ సమాంతరంగా ఉండటం. స్లిట్ పొడవు 5 మిల్లీమీటర్లనుకోండి, అది అంచుతో అర డిగ్రీ వంకరగా ఉంటే పై కొసకూ కింది కొసకూ మధ్య అడ్డంగా 0.044 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఇప్పుడే చూశాం, 0.037 చాలు అంతా చెరిగిపోవడానికి. స్లిట్ ఎంత సన్నగా చేసినా ఈ అర డిగ్రీ వంకర ఉంటే ప్రయోగం లేదు. దీన్ని సరిచేయడానికి ముందు ఐపీస్ తీసేయండి. వట్టి కంటితో ప్రిజమ్ గుండా స్లిట్ వైపు చూస్తే రెండు స్లిట్లు కనిపిస్తాయి. తల నెమ్మదిగా పక్కకు జరపండి, ఒక స్లిట్ ప్రిజమ్ అంచు దగ్గరకు వచ్చి మాయమవుతుంది. మొత్తం ఒక్కసారి మాయమైతే సమాంతరంగా ఉన్నట్టు, పై నుంచి కిందకో కింద నుంచి పైకో మెల్లగా కరిగిపోతే వంకర ఉన్నట్టు. ప్రిజమ్ స్టాండుకు టాంజెంట్ స్క్రూ (ప్రిజమ్‌ను వెంట్రుకవాసి తిప్పే మర) ఉన్నది ఇందుకే. ఇది అయ్యాక ఐపీస్‌ను ముందే మీటరు దూరంలో పెట్టకండి, ప్రిజమ్‌కు దగ్గరగా పెట్టి, అక్కడ నిలువు పట్టీ వెలుగు మధ్యకు తెచ్చి, స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ చూస్తే ఒక చోట సన్నని గీతలు ఠక్కున బయటపడతాయి. అప్పుడు ఐపీస్‌ను కొద్దికొద్దిగా వెనక్కి తీసుకెళ్లండి, గీతలు పక్కకు పారిపోతుంటే ప్రిజమ్‌ను అడ్డంగా జరిపి సరిచేసుకోండి.

వెలుగు తక్కువే వస్తుంది, అది తప్పదు, కాబట్టి గదినే చీకటి చేసుకోవాలి. కిటికీలకు మందపాటి తెరలు వేయించమని అడగండి. సోడియం ల్యాంపు వెలిగించగానే గులాబీ ఎరుపులో ఉంటుంది, అది అందులో ఉన్న నియాన్ వెలుగు, సోడియం ఆవిరయ్యి నిండు పసుపు వచ్చేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే ఓపిక కావాలి. మన ప్రాంతంలో ఇంకో బెడద గాలిలో చెమ్మ. ఐపీస్ లెన్సుల మీద బూజు పట్టి సాలెగూడులా పాకుతుంది. ప్రయోగం అయ్యాక సామానుని సిలికా జెల్ పొట్లంతో పాటు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే చాలా ఏళ్లు వస్తుంది.

కొలిచేటప్పుడు ఒక్క పట్టీ వెడల్పు కొలవకండి, 20 పట్టీల మీద క్రాస్‌వైర్ నడిపించి 20తో భాగించండి. జనకాల మధ్య దూరానికి కుంభాకార కటకాన్ని రెండు చోట్ల నిలిపి, వచ్చిన రెండు దూరాలను గుణించి వర్గమూలం తీయాలి, అది మీ మాన్యువల్‌లో ఉంటుంది. సోడియంలో 589.0, 589.6 నానోమీటర్ల రెండు గీతలున్నాయి కదా, అవి గందరగోళం చేయవా అని కొందరికి అనుమానం. ఆ రెండింటి పట్టీలు ఒకదాన్నొకటి చెరిపేయాలంటే పథ భేదం (రెండు వెలుగులు నడిచిన దూరాల తేడా) 0.29 మిల్లీమీటర్ల దాకా పెరగాలి. ఇరవయ్యో పట్టీ దగ్గర అది 0.012 మాత్రమే. ఒకే వెలుగును రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపే మైకెల్సన్ వ్యతికరణమాపకంలో మాత్రం ఆ చెరగడం, మళ్లీ రావడం కళ్లారా చూడొచ్చు.

పాత రికార్డులోంచి రీడింగులు వేయొద్దు. ఆ గీతలు ఒక్కసారి మీ చేతి కింద బయటపడ్డాక ఈ పాఠం జన్మలో మరిచిపోరు, అది పోగొట్టుకోకండి.

ప్రశ్న: బైప్రిజమ్‌కి అంత సన్నని స్లిట్ కావాలంటారు. మా బీటెక్ ల్యాబ్‌లో న్యూటన్ వలయాలకు (గాజుపలక మీద కటకం పెడితే మధ్య గాలిపొరలో కనిపించే వలయాలకు) స్లిట్టే ఉండదు, ల్యాంపు పెట్టేసి చూసేస్తాం. అక్కడ సంబద్ధత అక్కర్లేదా? ఇంకో మాట, నాకు మధ్యలో నల్ల చుక్కకు బదులు తెల్లగా వచ్చింది, రికార్డులో మాత్రం నల్లగానే వేశాను.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: సంబద్ధత అక్కడా కావాలి, సంపాదించే దారి వేరు. యంగ్, బైప్రిజమ్, అద్దం ఒక్కటే వాడే లాయిడ్ పద్ధతి, వీటన్నిటిలో తరంగాగ్రాన్ని (ముందుకు సాగే అల ముఖాన్ని) పక్కపక్క ముక్కలుగా పంచుకుంటాం, ఆ ముక్కలు రెండూ ఒకే బిందువు నుంచి వచ్చి ఉండాలి, అందుకే స్లిట్. న్యూటన్ వలయాల్లో పంచేది కంపన పరిమితిని (అల ఎత్తును). ప్రతి కిరణమూ కటకం అడుగు నుంచి కొంత, కింది గాజుపలక పై నుంచి కొంత వెనక్కి వస్తుంది, ఆ రెండు భాగాలూ ఒకే కిరణం పిల్లలు. ల్యాంపులో ఏ బిందువు నుంచి వచ్చిన కిరణమైనా తనతో తానే కలుస్తుంది, గాలిపొర పలచగా ఉన్నంతవరకు బిందువులన్నీ వలయాలను ఒకే చోట గీస్తాయి. కాబట్టి ల్యాంపు ఎంత వెడల్పుంటే అంత మంచిది, చూపు అంత తేలిక. కటకం వక్రతా వ్యాసార్ధం 100 సెంటీమీటర్లయితే ఇరవయ్యో నల్ల వలయం దగ్గర గాలిపొర మందం ఆరు మైక్రాన్లు కూడా ఉండదు.

నర్సాపురం నుంచి ఒక రొయ్యల రైతు కూడా ఇదే అడిగారు, ఇంకో రూపంలో. చెరువు గట్టు మీద డీజిల్ ఇంజన్ నుంచి నీళ్లలో చుక్క పడితే రంగులు పరుచుకుంటాయి, అది మందు రంగా, వెలుగు రంగా అని. వెలుగు రంగేనండి. డీజిల్ పొర పై ముఖం నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చిన వెలుగులు కలుస్తాయి, ఏ మందం దగ్గర ఏ రంగు బలపడుతుందో అది కనిపిస్తుంది. జనకం ఆకాశమంతా, అయినా పని జరుగుతోంది, ఎందుకంటే పొర మందం మైక్రానులో కొన్ని వంతులే. పొర కొన్ని మైక్రాన్లు దాటితే రంగులన్నీ కలిసిపోయి మామూలు నూనె మెరుపు మిగులుతుంది.

ఇక తెల్ల చుక్క. కటకం, పలక తాకే చోట గాలిపొర మందం సున్నా, అయినా కింది గాజు నుంచి తిరిగొచ్చే వెలుగు దశ సగం తరంగం మేర తిరగబడుతుంది కాబట్టి అక్కడ చీకటి రావాలి. తెల్లగా వచ్చిందంటే మధ్యలో దుమ్ము రేణువు ఉండి రెండు గాజులనూ తాకనివ్వలేదు. మెత్తని బట్టతో తుడిచి మళ్లీ పెట్టండి. అంత ఓపిక లేకపోయినా కొంప మునగదు. వలయాల వ్యాసాల వర్గాలకూ వరుస సంఖ్యకూ గ్రాఫ్ గీస్తే వచ్చే సరళరేఖ వాలే మనకు కావాలి, మధ్య చుక్క ఏదైనా వాలు మారదు. కానీ చూసింది తెల్లగా అయితే రికార్డులో తెల్లగానే రాసి, పక్కన కారణం రాయండి. నేను ఎగ్జామినర్‌గా కూర్చుంటే ఆ ఒక్క వాక్యానికి నల్ల చుక్క బొమ్మ కంటే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: రెండు లేజర్లు పెడితే వ్యతికరణం వస్తుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వస్తుంది, కానీ పట్టుకోవడం కష్టం. మాగ్యార్, మాండెల్ అనే ఇద్దరు 1963లో రెండు వేర్వేరు రూబీ లేజర్ల వెలుగును కలిపి, అతి కొద్ది సేపు మాత్రమే తెరుచుకునే ఏర్పాటుతో పట్టీల ఫోటోలు తీశారు. ప్రతి ఫోటోలో పట్టీలు వేరే చోట ఉంటాయి, వరుసగా కలిపి చూస్తే చెరిగిపోతాయి. మొదటి ప్రశ్నకు చెప్పిందే ఇక్కడ రుజువైంది.

ప్రశ్న: మాది జడ్పీ హైస్కూలు, ల్యాబ్ అంటే ఒక బీరువా. పదో తరగతి పిల్లలకు వెలుగు అల అని కళ్లతో చూపించాలని ఉంది. లేజర్ పాయింటర్ సరిపోతుందా?
– ఒక సైన్స్ మాస్టారు, రాజోలు

జవాబు: భేషుగ్గా సరిపోతుంది మాస్టారూ, మీలాంటివాళ్ల కోసమే ఈ శీర్షిక నడుపుతున్నాను. లేజర్‌లో ఒక ఫోటాన్ (వెలుగు కణం) వెళ్తూ మరో పరమాణువు చేత తనలాంటిదాన్నే, తన దశలోనే వదిలిస్తుంది. ఐన్‌స్టీన్ 1917లో కాగితం మీద చెప్పిన సంగతిని అమెరికా శాస్త్రవేత్త మైమన్ 1960 మే 16న రూబీ కడ్డీతో వెలిగించి చూపాడు. కాబట్టి పాయింటర్ కిరణం మొత్తం అడ్డంగా ఎక్కడ తీసుకున్నా తనతో తాను పొత్తుగానే ఉంటుంది, ముందు పెట్టాల్సిన సన్నని స్లిట్ ఇక అక్కర్లేదు. జంట చీలికలు ఉంటే చాలు.

వాటిని చేయడానికి గాజు స్లైడు ముక్కను కిరోసిన్ దీపం మసి మీద పట్టి నల్లగా చేయండి. రెండు షేవింగ్ బ్లేడ్లు వేళ్లతో గట్టిగా జతగా పట్టుకుని, స్కేలు ఆనించి మసి మీద ఒక్క గీత లాగండి. బ్లేడు మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి అంతే దూరంలో రెండు గీతలు పడతాయి. నాలుగైదు చోట్ల గీస్తే వాటిలో ఒకటైనా చక్కగా వస్తుంది. పాయింటర్‌ను పుస్తకాల మధ్య కదలకుండా ఇరికించి, క్లిప్పుతో బటన్ నొక్కి ఉంచి, స్లైడు ముందు పెట్టి, మూడు మీటర్ల దూరంలో గోడ మీద తెల్ల కాగితం అంటించండి. ఎరుపు పాయింటర్ 650 నానోమీటర్లయితే పట్టీల మధ్య దూరం దాదాపు రెండు సెంటీమీటర్లు, వెనక బెంచీ పిల్లాడికీ కనిపిస్తుంది. మసి గీతలు కుదరకపోతే ఒక తలవెంట్రుకను అట్టముక్క రంధ్రానికి అడ్డంగా అంటించి కిరణంలో పెట్టండి, యంగ్ కార్డు ముక్క బదులు వెంట్రుక అన్నమాట. వెంట్రుక మందం 0.08 మిల్లీమీటర్లుంటే చీకటి చోట్ల మధ్య దూరం మూడు మీటర్ల దగ్గర 2.4 సెంటీమీటర్లు వస్తుంది. తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో గుణించి పట్టీ దూరంతో భాగిస్తే వెంట్రుక మందం. స్కేలుతో, టేపుతో పిల్లలు తమ వెంట్రుకను కొలిచేస్తారు.

జాగ్రత్త ఒక్కటే, కానీ గట్టిగా చెబుతున్నాను. కిరణం ఎవరి కంటి ఎత్తులోనూ ఉండకూడదు, బల్ల ఎత్తులో గోడ వైపే వెళ్లాలి, దారిలో అద్దాలు, స్టీలు టిఫిన్ డబ్బాలు తీసేయండి. పవర్ ఒక మిల్లీవాట్ లోపు అని లేబుల్ మీద ఉన్న ఎరుపు పాయింటరే కొనండి. చవక ఆకుపచ్చ పాయింటర్లు వద్దు, వాటిలో కొన్నిటి నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణం కూడా బయటకు వస్తుంది, అది కంటికి ప్రమాదం. పాయింటర్‌ను పిల్లల చేతికి ఇవ్వకండి, స్లైడు, టేపు, స్కేలు వాళ్లకివ్వండి. ఒక్కో పిల్లవాడి వెంట్రుక మందం ఎంతెంత వచ్చిందో పట్టిక వేసి పంపితే వచ్చే సంచికలో వేస్తాను.